విధివ్రాత కాదు, కణంలోని వ్యవహారం

మన కథల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ విధివ్రాతగానో, వ్యసనానికి శిక్షగానో వస్తుంది. చుట్ట కాల్చే పల్నాటి పొగాకు రైతును అలా చంపడం సులువే. కాని జబ్బుకు భౌతికమైన పునాది ఉంది. నరసరావుపేటలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు అర్థమైనంత మేరకు అదేమిటో చెబుతాను.

కణాన్ని పెరగమనే జన్యువుల్లో కె-రాస్ ఒకటి, ఇ.జి.ఎఫ్.ఆర్. మరొకటి. పొగాకు పొగలోని విషాలు కె-రాస్‌ను చెడగొడితే ఆ ఆజ్ఞ ఇక ఆగదు. ఇ.జి.ఎఫ్.ఆర్. చెడి వచ్చే క్యాన్సర్ ఎన్నడూ పొగ తాగని ఆడవాళ్లలోనూ కనిపిస్తుంది. మరి వాళ్లకు శిక్ష దేనికి?

కొత్త కణానికి పొర కావాలి, పొరకు కొలెస్టరాల్ కావాలి. సరిపడా ఉంటే మామూలు కణం తయారీ తగ్గిస్తుంది. కొలెస్టరాల్ అదుపుపై పరిశోధనకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. చెడిన జన్యువు ఆ అదుపును సడలిస్తుంది: తయారీని పెంచుతుంది, రక్తంలోంచీ లాక్కుంటుంది.

అసలు మెలిక మరొకటి. కె-రాస్ ప్రోటీన్ పనిచేయాలంటే కణపొరకు అతుక్కోవాలి. అందుకు కావలసిన కొవ్వుతోక కొలెస్టరాల్ తయారయ్యే దారిలోనే పుడుతుంది. జన్యువు దారిని పెంచుతుంది, దారి జన్యువును నిలబెడుతుంది. గతితర్కం చదివినవారికి ఇది వింత కాదు.

అంతమాత్రాన కొలెస్టరాల్ మాత్రలే మందు అనుకోరాదు. చిన్నకణ క్యాన్సర్ రోగులకు చికిత్సతోపాటు ప్రావస్టాటిన్ ఇచ్చి చూసిన పరీక్షలో ఆయుస్సు పెరగలేదని 2017లో తేలింది. కె-రాస్‌లోని ఒక మార్పుపై నేరుగా పనిచేసే సోటొరాసిబ్‌కు 2021లో అమెరికా అనుమతించింది.

కారణం తెలిశాక కథలో విధికి చోటుండదు. ప్రశ్నకే చోటు: పొగాకు లాభం ఎవరిది, మందు ఎవరికందుతుంది?