రైలు కుళాయి గడ్డకడితే?

పిల్లలూ! మే నెల మిట్టమధ్యాహ్నం ప్రొద్దుటూరు స్టేషనులో రైలెక్కి, పెట్టెలో కుళాయి ఎప్పుడైనా తిప్పారా? చేయి చురుక్కుమంటుంది. ఆ నీళ్ళు కాస్త చల్లబడితే బాగుండునని మనం అనుకుంటాం. కాని రైలు నీళ్ళు మరీ చల్లబడకుండా చూడటానికే ఇంజనీర్లు తంటాలు పడే చోటు కూడా మన దేశంలోనే ఉంది.

కన్యాకుమారిలో బయలుదేరే హిమసాగర్ ఎక్స్‌ప్రెస్ మన విజయవాడ, వరంగల్లు దాటి ఉత్తరాన కట్రా చేరుతుంది. అక్కడ బండి మారితే శ్రీనగర్ పోవచ్చు. ఈ రెండు ఊళ్ళ మధ్య వందే భారత్ రైలును 2025 జూన్ 6న ప్రారంభించారు. శ్రీనగర్ చలి ఎలాంటిదంటారా? 2024 డిసెంబరులో ఒక రాత్రి అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 8.5 డిగ్రీలకు దిగింది. అలాంటి రాత్రుల్లో ఇళ్ళలో కుళాయిలు కూడా బిగుసుకుపోతాయి. మరి రైలు మరుగుదొడ్డిలో నీళ్ళ మాట?

నీరు ఒక వింత పదార్థం. చాలా పదార్థాలు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతాయి. నీరు మాత్రం ఉబ్బుతుంది. 100 లీటర్ల నీరు మంచుగడ్డ అయితే దాదాపు 109 లీటర్ల చోటు కావాలి. గొట్టంలో ఆ చోటెక్కడిది? తమాషా ఏమిటంటే, గొట్టం పగిలేది తరచు గడ్డ ఉన్నచోట కాదు. గడ్డ ఒక చోట బిరడాలాగా అడ్డుపడి, పెరుగుతూ, ముందున్న నీటిని మూసిన కుళాయి వైపు నెడుతుంది. మధ్యలో ఇరుక్కున్న నీరు ఎటూ పోలేదు. ఒత్తిడి పెరిగి పెరిగి అక్కడ గొట్టం చిట్లుతుంది. అప్పటికి చుక్క కూడా కారదు. ఎండ వచ్చి గడ్డ కరిగాక తెలుస్తుంది, పెట్టె నిండా నీళ్ళని!

పరుగెత్తే రైలుకు గాలి పోటు ఒకటి. గాలి ఎంత వీచినా గొట్టాన్ని బయటి గాలికంటే చల్లగా చేయలేదు. కాని వేడిని త్వరగా ఎత్తుకుపోతుంది. అందులోనూ సన్నని గొట్టంలో నీరు కొంచెమే కాబట్టి పెద్ద తొట్టి కంటే అదే ముందు గడ్డకడుతుంది.

"గొట్టానికి కంబళి చుట్టేస్తే సరి" అంటారేమో! సోడా అంగడిలో ఐసుగడ్డకు గోనెపట్టా కప్పటం చూశారు కదా. గోనె ఐసును చల్లబరచదు, బయటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు, అంతే. అలాగే గొట్టం మీది కంబళి వేడిని పుట్టించదు, ఉన్న వేడిని కొంతసేపు ఆపుతుంది. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే చూడండి. రెండు చిన్న ప్లాస్టిక్ సీసాల్లో ముప్పావు వంతు నీళ్ళు పోసి, ఒకదానికి మందపాటి గుడ్డ చుట్టి, రెంటినీ ఐసు పెట్టే అరలో ఉంచండి. (గాజు సీసాలు వద్దు, పగులుతాయి.) గంటకోసారి చూస్తే గుడ్డ చుట్టింది వెనకబడి ఉంటుంది. మర్నాటికి రెండూ గడ్డలే!

కాబట్టి వేడి అందించాలి. కాశ్మీరు వందే భారత్‌లో నీటి గొట్టాల వెంట ఒక రకం కరెంటు తీగ వేశారు. దాని తెలివి చూడండి. రెండు రాగి తీగల మధ్య, బొగ్గుపొడి కలిపిన ప్లాస్టిక్ ఉంటుంది. చలికి ప్లాస్టిక్ కుంచించుకుంటే బొగ్గురేణువులు ఒకదానికొకటి ఆనుకుంటాయి. కరెంటు బాగా పారి తీగ వేడెక్కుతుంది. వేడెక్కిన ప్లాస్టిక్ వ్యాకోచించగానే రేణువులు విడిపోతాయి, కరెంటు తగ్గుతుంది. స్విచ్ నొక్కే మనిషి అక్కర్లేదు. గొట్టంలో ఎక్కడ చల్లగా ఉంటే అక్కడే ఎక్కువ వేడి!

తొట్లకు మాత్రం సిలికోన్ రబ్బరుతో చేసిన వేడి పట్టీలు అమర్చారు. మరుగుదొడ్డి కింది తొట్టికి కూడా ఇవి కావాలి. పాతకాలపు దొడ్లలో మలం నేరుగా పట్టాల మీద పడేది; ఆ రోత పోవటానికే బయో టాయిలెట్లు వచ్చాయి. వీటిలో మలాన్ని తొట్టిలో నిలవచేస్తే బాక్టీరియా దాన్ని నీరుగా, వాయువుగా మారుస్తాయి. సియాచిన్ మంచులో ఉండే మన సైనికుల కోసం రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ. ఇలాంటి పద్ధతి తయారుచేసింది. చలికి ఓర్చే బాక్టీరియా కోసం అంటార్కిటికా దాకా వెళ్ళి వెతికారు! అంత గట్టి జీవులైనా చుట్టూ ఉన్న నీరు గడ్డకడితే పని చేయలేవు. వాటికీ వెచ్చదనం కావాలి.

ఇక అసలు చిక్కు. రాత్రి రైలు ఆగి, కరెంటు పోతే? తీగలూ పట్టీలూ చల్లబడతాయి. కంబళి కొన్ని గంటలకు మించి కాపాడదు. అప్పుడు మిగిలిన ఉపాయం ఒకటే: గొట్టాలు ఖాళీ చేయటం. దానంతటదే నీరు వదిలేసే ఏర్పాటు ఈ రైలులో ఉంది. మళ్ళీ కరెంటు వచ్చి, గొట్టాలు వెచ్చబడ్డాక నీళ్ళు నింపుకోవాలి. అందాకా కుళాయి ఎంత తిప్పినా చుక్క రాదు.