చిత్తూరు నుంచి చూస్తే మేటి సినిమాలేవి?

చిత్తూరు నాగయ్య పుట్టింది రేపల్లెలో. పేరు ముందు నిలిచిపోయింది మాత్రం చిత్తూరే. కుప్పం, చిత్తూరుల్లో పెరిగి, తిరుమల దేవస్థానం ఉపకారవేతనంతో చదువుకుని, ఇక్కడి నాటక సమాజాల్లో పాడుతూ ఆడుతూ రాటుదేలి, 1938లో ‘గృహలక్ష్మి’తో ఆయన తెరమీదికి వెళ్లారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో వచ్చిన సినిమాలను వదిలేసి మేటి చిత్రాల జాబితా వేస్తే అది సగం జాబితానే. ఈ రోజుల్లో వస్తున్న జాబితాలు ఎక్కువగా అలాంటివే.

జాబితా శాసనమేమీ కాదు. బ్రిటన్ నుంచి వచ్చే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల ఓట్లతో ప్రపంచ మేటి చిత్రాలను ఎంపిక చేస్తోంది. మొదటిసారి ‘బైసికిల్ థీవ్స్’ గెలిచింది. 1962 నుంచి 2002 దాకా జరిగిన అన్ని ఎంపికల్లోనూ ‘సిటిజన్ కేన్’దే అగ్రస్థానం. 2012లో దాన్ని ‘వెర్టిగో’ దించింది. 2022లో ఓటర్ల సంఖ్య 1,600 దాటాక, షాంటాల్ అకెర్మాన్ తీసిన ‘జాన్ డీల్‌మన్’ మొదటి స్థానానికి వచ్చింది. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’కి 35వ స్థానం దక్కింది. ఓటేసేవాళ్లు మారితే వరసా మారుతుంది. అలాంటప్పుడు చిత్తూరు వాళ్లు తమ ఓటు తాము వేసుకుంటే తప్పేముంది?

‘మాయాబజార్’ గురించి వాదన అక్కర్లేదు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ నిర్వహించిన పోలింగ్‌లో భారతీయ చిత్రాలన్నిటిలోకి అదే మొదట నిలిచింది. అయితే ఈ ప్రాంతంలో దానికి మరో బలం ఉంది. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివరిరోజున మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి ముందు వధ జరుగుతుంది. తాతల కాలం నుంచీ భారతాన్ని ఇలా కళ్లారా చూస్తున్న జనం ముందుకి 1957లో ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడై వచ్చాడు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదని పండితులు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. వీధి నాటకంలో కల్పనకు అలవాటుపడ్డ ఊళ్లకు పింగళి నాగేంద్రరావు కల్పన కొత్త కాదు. మార్కస్ బార్‌ట్లే కెమెరాతో పుట్టించిన వెన్నెల మాత్రం కొత్త.

ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డి, ఆయన అన్న బి.ఎన్.రెడ్డి కడప జిల్లావాళ్లు. అంటే మద్రాసులో తెలుగు సినిమా పునాదులు పోసినవాళ్లలో సీమ మనుషులు ముందువరసలోనే ఉన్నారు. సీమ అంటే తొడలు కొట్టడం, సుమోలు గాల్లోకి లేవడం అనుకునే నేటి దర్శకులు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

బి.ఎన్. తీసిన ‘మల్లీశ్వరి’ (1951) కృష్ణదేవరాయల కాలం కథ. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన రాయల విగ్రహాన్ని దాటి వెళ్లే తిరుపతివాసులకు ఆ కాలం పుస్తకాల్లోది కాదు. రాజును పొగిడే సినిమా కాదిది. రాణివాసానికి చేరిన పల్లెపిల్లకూ, ఆమె కోసం వచ్చిన శిల్పికీ మధ్య రాజ్యం అడ్డుగోడై నిలుస్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి తొలిసారి సినిమాకు రాశారు, సాలూరి రాజేశ్వరరావు స్వరాలిచ్చారు. భానుమతి నటన గురించి చెప్పడం కన్నా చూడటమే మేలు.

తిరుపతి జాబితాలో ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ (1960) లేకపోతే కొండ ఊరుకోదు. పి.పుల్లయ్య ఇదే కథను 1939లో ‘బాలాజీ’గా ఒకసారి తీశారు. అందులో పద్మావతిగా వేసిన శాంతకుమారి, రెండోసారి వకుళమాత అయ్యారు. సినిమా హాళ్లలో స్వామి విగ్రహం పెట్టి, హుండీ ఉంచితే జనం ముడుపులు వేసి మరీ లోపలికి వెళ్లారు. సినిమాగా చూస్తే ఇది ‘మాయాబజార్’ స్థాయిది కాదు. హాలును గుడిగా మార్చిన ఘనత మాత్రం దానిదే.

ఈ మధ్యవాటిలో ‘పుష్ప’ (2021) ఉంటుంది. చిత్తూరు యాసను అంత పెద్ద తెరమీద, అంత దూరం వినిపించిన సినిమా అంతకు ముందు మరొకటి లేదు. అందులోని పాత్రకే అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యారు. తెలుగు నటుల్లో ఆయనే మొదటివారు. శేషాచలం ఎర్రచందనం కథకు ఎక్కువ అడవి మాత్రం మారేడుమిల్లిది! అదే ఏడాది ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ వచ్చింది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో డ్రైవరుకు కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోయే కథ. ఖర్చులో ‘పుష్ప’కు ఏ మూలకూ రాదు. సరిహద్దు పల్లె మాట, నవ్వు కావాలంటే దాన్నే చూడాలి.

అన్నిటికన్నా పైన ఉండాల్సింది, జాబితాల్లో అరుదుగా కనిపించేది, ‘యోగి వేమన’ (1947). కె.వి.రెడ్డి దర్శకత్వం, నాగయ్య వేమన. అన్న కూతురి చావుతో లోకం మీద మనసు విరిగినవాడిని నాగయ్య గొంతు పెంచకుండా, కన్నీళ్లు గుమ్మరించకుండా చూపించారు. విమర్శకులు మెచ్చారు, డబ్బులు రాలేదు. అంతకు ముందే ‘మీరా’ (1945)లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పక్కన రాణాగా తమిళులకూ దగ్గరైన నటుడాయన. మద్రాసు పానగల్ పార్కులో ఆయన విగ్రహముంది, చిత్తూరులో ఆయన పేరిట కళాక్షేత్రముంది.

1932లో వచ్చిన తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఎక్కడా దొరకడం లేదు. ‘యోగి వేమన’ ఇంకా ఉంది. మీ జాబితా రాసుకునే ముందు దాన్నొకసారి చూడండి, 1950కి ముందటి సినిమా ఒక్కటైనా మొదటి అయిదింటిలో ఉంచండి.