తల్లి మూలుగ – బిడ్డకు రక్ష

రక్తవ్యాధులతో బాధపడు బిడ్డలకు ఎముకలలోని మూలుగను మార్చి నయము చేయుదురని సోదరీమణులలో ననేకులు వినియేయుందురు. మన దేశమున నీ చికిత్స 1983లో బొంబాయి టాటా ఆసుపత్రియందును, 1986లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలయందును ఆరంభమైనది. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములవారు దీనికై పెద్ద పట్టణములకు పోవలసినదే. మూలుగ మార్చినతోడనే గండము గడచినదని తలచి యింటికి వచ్చు తల్లులకు, అటుపిమ్మట రాగల యొక యుపద్రవమును గూర్చి తెలుపుట మా యుద్దేశము.

మూలుగ రక్తమునకు పుట్టినిల్లు. అందలి మూలకణములనుండియే ఎఱ్ఱకణములును తెల్లకణములును జనించును. తెల్లకణములు దేహమునకు కావలివారు. తనవారెవరో పరులెవరో గుర్తించి పరులపై బడుట వాని ధర్మము. దాత మూలుగను రోగికెక్కించినపుడు ఈ కావలివారు క్రొత్తయింట ప్రవేశించి, ఆ యింటివారినే పరులుగా నెంచి పోరు సాగింపవచ్చును. చర్మము, ప్రేవులు, కాలేయము ముందుగా దెబ్బతినును. కారెంపూడి వీరుల తిరునాళ్లను చూచిన పల్నాటివారికి ఇంటిపోరు ఎట్టిదో వేరుగా జెప్పనక్కరలేదు. బిడ్డకు గుర్తులు సగము తల్లివి, సగము తండ్రివి వచ్చును గాన, తోబుట్టువుతో పూర్తిగా పొత్తు కుదురుటకు నాల్గింట నొకపాలే అవకాశము. కుదిరినను పోరు రాదని చెప్పజాలరు.

దీనిని నివారించుటకు వైద్యులు ముందుగనే సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ మున్నగు మందుల నిత్తురు. ఇందు రెండవది మనము గర్వింపదగినది. 1895లో భీమవరమున జన్మించి 1948లో అమెరికాలో మరణించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమున నడపిన కృషినుండియే అది వెలువడినది. మందులను మీఱి వ్యాధి వచ్చినచో స్టెరాయిడ్ల నిత్తురు. వానికిని లొంగనిచో ప్రాణాపాయమే.

అట్టి స్థితిలోనున్న తొమ్మిదేండ్ల బాలుని వృత్తాంతమును 2004లో స్వీడనుదేశపు వైద్యురాలు కెథరీనా లె బ్లాంక్‌గారును ఆమె సహచరులును ప్రకటించిరి. మూలుగలో రక్తమును పుట్టింపని మూలకణములు వేఱొకజాతివి కలవు. వానిని మెసెంకైమల్ కణములందురు. ఎముక, మృదులాస్థి, క్రొవ్వు వానినుండి యేర్పడును. పోరుచున్న కావలికణములను చల్లార్చు గుణము వానికి గలదు. వేర్వేరు కులములవారిని చాపకూటి పంక్తిని కూర్చుండబెట్టిన బ్రహ్మనాయునితో వానిని పోల్పవచ్చును. వైద్యులు బాలుని తల్లి మూలుగనుండి ఆ కణములను తీసి, పెంచి, బాలునికెక్కించిరి. విరేచనములు కట్టినవి, కాలేయము కుదుటబడినది. కొన్నాళ్లకు వ్యాధి తిరుగబెట్టగా మరల తల్లి కణములే ఆదుకొన్నవి. ఈ కణములకు పూర్తి పొత్తు అక్కరలేకుండుట గొప్ప సదుపాయము.

2008లో ప్రకటించిన పరిశీలనలో 55 మంది రోగులలో 30 మందికి వ్యాధి పూర్తిగా శాంతించెను. బాలలకొఱకు ఇట్టి మందును 2012లో కెనడాయును, 2024 డిసెంబరులో అమెరికాయును అంగీకరించినవి. అయినను అన్ని పరీక్షలును ఒకేతీరుగా ఫలింపలేదు. పెద్దలు కూడ చేరిన యొక పరీక్షలో నిశ్చయించుకొన్న ఫలము సిద్ధింపలేదు. కావున దీనిని సర్వరోగనివారిణిగా నెంచరాదు.

భారత వైద్యపరిశోధనా మండలి 2017లో వెలువరించిన నియమముల ప్రకారము, రక్తవ్యాధులకు చేయు మూలకణమార్పిడి తప్ప తక్కిన మూలకణచికిత్సలు అనుమతి పొందిన పరీక్షలలోనే చేయవలెను. పరీక్షగా చేయుదానికి రోగివద్ద సొమ్ము పుచ్చుకొనరాదు. మూలకణములతో ఏ రోగమైనను మాన్పుదుమను ప్రకటనలను నమ్మి పొలములమ్ముకొనవలదని మా మనవి.

ఇంటివద్ద తల్లులు గమనింపవలసినవి కొన్ని కలవు. అరచేతులలోను అరికాళ్లలోను ఎఱ్ఱని దద్దు, విడువని విరేచనములు, కన్నులు పచ్చబడుట, నోటిపూత—వీనిలో ఏది కనిపించినను ఆ పూటనే మార్పిడి చేసిన వైద్యునకు తెలుపవలెను. పల్నాటి యెండ తీక్ష్ణమైనది. ఎండ తగిలిన నీ వ్యాధి రేగును గాన బిడ్డను నీడపట్టుననుంచి నిండుగ వస్త్రములు తొడుగవలెను. అప్పుడు వండిన యన్నమునే పెట్టవలెను. బూజుపట్టిన ధాన్యమునకు, దుమ్మునకు దూరముగనుంచవలెను. పంపరపనస సైక్లోస్పోరిన్ బలమును పెంచును, పసరుమందులును ప్రమాదకరములు. ఇరుగుపొరుగు లెవరేమి చెప్పినను వైద్యుని యనుమతిలేక మందు మానుటగాని మార్చుటగాని కూడదు. శాస్త్రము తన పని చేయుచునేయున్నది; అది ఫలించుటకు ఇల్లాలి మెలకువయు తోడుకావలెను.