మోరీ వెనక్కి తన్నింది, జీవామృతం పాడైంది

ఎప్పుడూ పొలం ముచ్చటే కదా, ఈసారి బాత్‌రూమ్ ముచ్చట. నవ్వకండి. పోయిన పుబ్బ కార్తెలో మూడు రోజులు ముసురు పట్టింది. మా బాత్‌రూమ్ జాలీలోంచి మురికినీళ్లు పైకి తన్నినయ్. వారం తిరగకముందే అమ్మకు విరేచనాలు. ఆ తర్వాత డ్రమ్ములో జీవామృతం పొంగలేదు. మూడింటికీ మూలం ఇంటి వెనక ఉన్న ఒకే గుంత. దాన్ని తవ్వి చూపించిందే పై వీడియో.

మా పటాన్‌చెరు వైపు నల్లరేగడి, ఎర్ర చెల్క రెండూ పక్కపక్కనే ఉంటయ్. ఇక్రిశాట్ పొలాల్లోనే రెండూ చూడొచ్చు. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలిస్తుంది, ఎన్ని నీళ్లు పోసినా తాగుతుంది. వానకు నాని ఉబ్బితే నెర్రెలు మూసుకుపోతయ్, ఇక నీళ్లు దిగవు. అందుకే ఏప్రిల్‌లో బాగా పనిచేసిన ఇంకుడు గుంత ఆగస్టులో మొరాయిస్తుంది. పైగా మేస్త్రి డాబా నీళ్ల పైపును కూడా సెప్టిక్ ట్యాంక్ గుంతలోకే కలిపేశాడు, నేనూ అడగలేదు.

లెక్క చూడండి. 1,000 చదరపు అడుగుల డాబా మీద 50 మి.మీ. వాన పడితే సుమారు 4,600 లీటర్లు. మా గుంత 4×4×5 అడుగులు. రాళ్లు నింపాక అందులో పట్టేవి 900 లీటర్లకు అటూఇటూ. గుంత నిండితే ట్యాంక్ నీళ్లకు దారి లేదు, ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న జాలీలోంచి బయటికొస్తయ్.

గుంత పైకి పొర్లిన నీళ్లు 20 అడుగుల దూరంలోని బోరు చుట్టూ నిలిచినయ్. కేసింగ్ నేల మట్టానికే ఉంది, చుట్టూ గచ్చు లేదు. పైపు పక్కనుంచి లోపలికి జారినయ్. హెచ్‌టూఎస్ సీసాలో బోరు నీళ్లు పట్టి పెడితే తెల్లారేసరికి నల్లగా మారినయ్. భయంతో బోరులో, సంపులో బ్లీచింగ్ పౌడర్ దండిగా కొట్టాను. మంచిదే, కానీ అదే నీళ్లతో జీవామృతం కలిపాను! క్లోరిన్‌కు మన సూక్ష్మజీవులు, రోగక్రిములు అన్న తేడా ఉండదు కదా.

ఇప్పుడు డాబా నీళ్ల పైపు వేరు చేశాను. కంపెనీల దుమ్ము ఉంటుంది కాబట్టి తొలి వానలు బయటికి వదిలేసి, తర్వాతవి ఇసుక వడపోత గుండా ట్యాంకుకు పడుతున్నాను. పొర్లినవి పొలం గట్టు కందకంలోకి. వంటింటి, స్నానం నీళ్లు అరటి గుంతకు. సెప్టిక్ గుంతను బోరుకు 50 అడుగుల అవతలికి మార్చాం. కేసింగ్‌ను అడుగున్నర లేపి చుట్టూ వాలు గచ్చు పోశాం. ట్యాంక్ ఖాళీ చేయించాలంటే మృగశిరకు ముందే చేయించండి. నేల నీళ్లలో నానుతున్నప్పుడు ఖాళీ చేస్తే ప్లాస్టిక్ ట్యాంక్ పైకి తేలిపోతుంది.

ఇంకో మాట మన బెల్టు వాళ్లకు మాత్రమే. నక్కవాగు పొంగినప్పుడు ఆ నీళ్లు, ఒండ్రు పొలానికి మళ్లించుకోవద్దు. ఆ వాగు మంజీరలో కలుస్తుంది, ఈ ప్రాంత కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ఇలాంటివి కాచినా, బ్లీచింగ్ వేసినా పూర్తిగా పోతాయని నమ్మలేం. వాగు దగ్గరి బోరైతే రసాయనాల పరీక్ష వేరేగా చేయించాల్సిందే.

జీవామృతానికి నేను ఇప్పుడు వాన నీళ్లే వాడుతున్నాను. ట్యాంకులో అయిపోతే బ్లీచింగ్ వేసిన నీళ్లను మూత లేని తొట్టిలో రెండు రోజులు ఎండలో ఉంచుతాను. వాసన పూర్తిగా పోయాకే పేడ, బెల్లం కలుపుతాను.