చిన్న విమానం – దూర ప్రయాణం

బెంగుళూరులో మోటారు కారు కొన్న మనిషి ఉదయం బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి హిందూపురం చేరుకొంటాడు. దారిలో చక్రానికి గాలి తగ్గితే పంక్చరు అంగడి ఉన్నది. పెట్రోలు అయిపోతే బంకు ఉన్నది. దారి తప్పితే రోడ్డు పక్కన నిలుచున్న మనిషి ఉన్నాడు. అదే మనిషి ఒకే ఇంజను గల చిన్న విమానాన్ని దూరదేశంలో కొని, తానే నడుపుకొంటూ ఇంటికి తీసికొని రావలెనంటే ఏమి చేయవలెను? ఆకాశంలో అంగడి లేదు, బంకు లేదు, దారి చెప్పే మనిషి లేడు. అన్నిటికంటె ముఖ్యమైన విషయమేమనగా, ఆకాశంలో ఆగి ఆలోచించడానికి వీలు లేదు. ఆగవలెనంటే దిగవలసినదే. దిగే చోటు ముందుగానే నిర్ణయమై ఉండవలెను. ఈ ప్రయాణం ఎట్లు సాగుతుందో మన ప్రాంతపు ఉదాహరణలతో తెలిసికొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయానికి మన దేశంలో ఒక చక్కని చారిత్రక నిదర్శనం ఉన్నది. ఇస్మాయిలీల ఇమాం అయిన ఆగాఖాన్ 1929 నవంబరులో ఒక బహుమతి ప్రకటించినారు. ఇంగ్లండుకు, హిందూదేశానికి నడుమ ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయునికి 500 పౌన్లు ఇస్తామన్నారు. ఎటునుంచి ఎటు వచ్చినా సరే. ప్రయాణం మాత్రం నిర్ణీత గడువులో ముగియవలెను. పోటీకి దిగినవారిలో ముగ్గురి పేర్లు చరిత్రలో నిలిచినవి. రావల్పిండికి చెందిన మన్మోహన్ సింగ్ సిక్కు యువకుడు. ఆస్పీ ఇంజనీర్ పార్సీ. అప్పటికి ఆయన వయస్సు 17 సంవత్సరాలు. మూడవవారు జె.ఆర్.డి. టాటా; 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో మొట్టమొదటి విమానచాలక లైసెన్సు పొందినవారు. బహుమతి ఇచ్చినవారు ముస్లిం, పోటీ పడినవారు సిక్కు, పార్సీలు. మన వంటి కళాశాలలో చదువుకొనేవారికి ఇది గుర్తుంచుకొనదగిన సంగతి.

ఆ రోజులలో ఇటువంటి ప్రయాణాలకు ప్రసిద్ధి పొందిన విమానం 'జిప్సీ మాత్'. కర్రతో చేసిన చట్రం, రెండు జతల రెక్కలు, ఒకరి వెనుక ఒకరుగా రెండు సీట్లు, పైకప్పు లేదు. నాలుగు సిలిండర్ల ఇంజను శక్తి సుమారు 100 గుర్రాలు. వేగం గంటకు దాదాపు 137 కిలోమీటర్లు. పెట్రోలు తొట్టి పై రెక్క నడుమ ఉంటుంది. అందువలన పెట్రోలు తన బరువుతో తానే ఇంజనులోకి దిగుతుంది, పంపు అక్కరలేదు. తొట్టి నిండుగా ఉంటే సుమారు 500 కిలోమీటర్లు పోవచ్చును. మరింత దూరం పోదలచినవారు ముందు సీటు తీసివేసి ఆ స్థలంలో అదనపు తొట్టి అమర్చుకొనేవారు. ప్రతి సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి విద్యుత్తునందించే మాగ్నెటోలు రెండు. ఒకటి చెడినా రెండవది పని చేస్తుంది. ఇంజను ఒక్కటే ఉన్న విమానంలో ఆ జంట ఏర్పాటే ప్రాణరక్షణ.

ఇక లెక్క చూడండి. లండను నుండి కరాచీకి నేరుగా కొలిచినా ఆరు వేల కిలోమీటర్లకు పైబడిన దూరం. తొట్టిలో పెట్రోలు 500 కిలోమీటర్లకు సరిపోతుంది. కాని తొట్టి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఎగరరాదు. గాలి ఎదురైతే, దిగవలసిన చోట పొగమంచు కమ్మితే, మరొక చోటికి పోవడానికి కొంత మిగిలి ఉండవలెను. కావున ఒక్కొక్క మజిలీని 400 కిలోమీటర్లనుకొంటే కనీసం పదిహేను మజిలీలు. పాతకాలపు బాటసారి సత్రం నుండి సత్రానికి నడిచినట్లే, చిన్న విమానం మజిలీ నుండి మజిలీకి పోతుంది. ప్రతి మజిలీలో పెట్రోలు, నూనె, వాతావరణ సమాచారం, సుంకపు కాగితాలు సిద్ధంగా ఉండవలెను. అందుచేత ప్రయాణంలో అధిక భాగం బల్లమీద పటం పరచుకొని పూర్తి చేయవలసినదే.

రేడియో లేని ఆ విమానంలో దారి తెలిసేదెట్లు? సాధనాలు మూడు: దిక్సూచి, గడియారం, పటం. ఏ దిక్కుకు, ఎంత వేగంతో, ఎంతసేపు పోయినామో తెలిస్తే ఎక్కడ ఉన్నామో అంచనా కట్టవచ్చును. ఆ అంచనాను నేలమీది గుర్తులతో సరిచూసుకొనవలెను. నదులు, చెరువులు, కొండలు, అన్నిటికంటె నమ్మకంగా రైలుపట్టాలు ఆ గుర్తులు. గుంతకల్లు వైపు నుండి దక్షిణంగా వచ్చే చాలకుని ఊహించండి. పట్టాలను అనుసరించి వస్తే ధర్మవరం కనిపిస్తుంది. అక్కడ దారి చీలుతుంది. ఒకటి దక్షిణంగా పెనుకొండ, హిందూపురాల మీదుగా బెంగుళూరుకు. మరొకటి ఆగ్నేయంగా కదిరి మీదుగా పాకాలకు. పైనుండి చూస్తే రెండూ ఒకే తీరు గీతలు. దిక్సూచి చూడక పట్టాలను మాత్రమే నమ్మినవాడు హిందూపురమనుకొని కదిరి చేరగలడు. దిక్సూచి చూసినవాడు దక్షిణపు పట్టాను పట్టుకొంటాడు. ఆపైన పెనుకొండ కోటకొండ దూరం నుండే కనిపించి, దారి సరియైనదేనని చెబుతుంది. విజయనగర రాజులకు రాజధానియై, బాబయ్య దర్గాకు నిలయమైన ఆ ఊరికి ఆకాశయాత్రికునికి గుర్తుగా నిలిచే యోగ్యత కూడ ఉన్నది.

గాలి సంగతి మరింత సూక్ష్మమైనది. గంటకు 140 కిలోమీటర్ల వేగం గల విమానానికి 30 కిలోమీటర్ల గాలి ఎదురైతే నేలమీద దాని వేగం 110 మాత్రమే. 440 కిలోమీటర్ల మజిలీకి మూడు గంటల పది నిమిషాలు సరిపోవలసినది నాలుగు గంటలు పడుతుంది. ఆ యాభై నిమిషాల పెట్రోలు లేకపోతే విమానం పొలంలో దిగవలసినదే. అదే గాలి పక్కనుండి వీస్తే విమానం గంటలో దాదాపు 30 కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. ధర్మవరం, పెనుకొండల నడుమ నేరుగా కొలిస్తే 40 కిలోమీటర్ల లోపే. అనగా ఒక గంట అజాగ్రత్తగా ఉన్నవాడు ఒక ఊరిని వెదుకుతూ ఇంచుమించు పక్క ఊరి పొలిమేరకు చేరినట్లే. విమానం ముక్కును కొద్దిగా గాలి వైపు తిప్పి ఉంచడం దీనికి విరుగుడు. ఎంత తిప్పవలెనో చెప్పేది మన తరగతిలో విసుగుతో చదివే త్రిభుజాల గణితమే.

ఎండ కూడ లెక్కలోనిదే. వేడెక్కిన గాలి పలుచనవుతుంది. ఎత్తు పెరిగినకొద్దీ కూడ పలుచనవుతుంది. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉన్నది. వేసవి మధ్యాహ్నం వేడి నలభై డిగ్రీలకు చేరితే, ఇక్కడి గాలి సముద్రతీరాన పదిహేను డిగ్రీల వేడిలో ఉండే గాలికంటె సుమారు 14 శాతం పలుచన. రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, పైకి లేవడానికి ఎక్కువ నేల కావలసి వస్తుంది. పైగా కాగిన నేల నుండి లేచే గాలి విమానాన్ని గతుకుల బాటలో బండిని కుదిపినట్లు కుదుపుతుంది. అందుకే చిన్న విమానాల దూరప్రయాణాలు తెల్లవారుజామున ఆరంభమవుతాయి.

ఇన్ని తెలిసినవారికి సైతం ఆ ప్రయాణం ఎట్లు సాగినదో చూడండి. మన్మోహన్ సింగ్ తన సొంత జిప్సీ మాత్ విమానానికి 'మిస్ ఇండియా' అని పేరు పెట్టి 1930 జనవరిలో ఇంగ్లండు నుండి బయలుదేరినారు. ఐరోపా చలికాలపు పొగమంచు దారి ఇవ్వలేదు. ఒకటికి రెండుసార్లు ప్రయత్నం మధ్యలోనే నిలిచిపోయినది. ఇంగ్లండులో ఒక వైమానిక పత్రిక సంపాదకుడు ఆ విమానం పేరు మీదనే చమత్కరించినాడు. ఇంగ్లీషులో ఆ మాటకు 'ఇండియా చేరకుండ తప్పిపోవుట' అని కూడ అర్థం వస్తుంది గదా! సింగ్ ఆ హేళనను లక్ష్యపెట్టక ఏప్రిల్‌లో మరల బయలుదేరి, దక్షిణ ఫ్రాన్సులో తప్పనిసరిగా దిగవలసి వచ్చి, అక్కడ ఆలస్యమై, తుదకు మే నెలలో కరాచీ చేరినారు. అందరికంటె ముందే చేరినా, గడువు దాటినదన్న కారణంతో బహుమతి దక్కలేదు.

ఆ ఏప్రిల్‌లోనే ఆస్పీ ఇంజనీర్ కూడ ఇంగ్లండు నుండి బయలుదేరినారు. మే 3న టాటా కరాచీ నుండి ఎదురు దిక్కుగా ప్రయాణమైనారు. ఇరువురూ ఈజిప్టులోని అబూకిర్ విమానస్థలంలో కలిసినారు. స్పార్క్ ప్లగ్గు చెడి, మారుప్లగ్గు లేక ఇంజనీర్ అక్కడ ఆగిపోయి ఉన్నారు. టాటా తన వద్ద ఉన్న మారుప్లగ్గులలో నుండి తీసి ఇచ్చినారు. ఆ సహాయంతో కదలిన ఇంజనీర్ మే 11న కరాచీ చేరి, కొద్ది గంటల తేడాతో టాటానే ఓడించి బహుమతి గెలుచుకొన్నారు. అనంతరకాలంలో ఆయన 1960 నుండి 1964 వరకు భారత వాయుసేనాధిపతిగా పనిచేసినారు. మన్మోహన్ సింగ్ రెండవ ప్రపంచయుద్ధంలో వాయుసేన అధికారిగా ఉండి, 1942 మార్చిలో ఆస్ట్రేలియాలోని బ్రూమ్ వద్ద జపాను దాడిలో మరణించినారు.

టాటా అంతటితో ఆగలేదు. 1932 అక్టోబరు 15న 'పస్ మాత్' అనే చిన్న విమానంలో తపాలా మూట వేసికొని, ఉదయమే కరాచీ వదలి, అహమ్మదాబాదులో దిగి, మధ్యాహ్నానికి బొంబాయి చేరినారు. అహమ్మదాబాదులో ఆ విమానానికి పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చినది. బొంబాయి నుండి నెవిల్ విన్సెంట్ అనే చాలకుడు ఆ తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసికొనిపోయినారు. చీకటి పడినందున ఆ రాత్రి బళ్ళారిలో ఆగి, మరునాడు మద్రాసు చేరినారు. ఆ బళ్ళారి మనకు పరాయిది కాదు. 1882లో అనంతపురం జిల్లా విడివడినది బళ్ళారి జిల్లా నుండియే. పటం మీద బళ్ళారి నుండి మద్రాసుకు సరళరేఖ గీయండి. అది అనంతపురం పట్టణానికి అతి సమీపంగా, ధర్మవరానికి ఉత్తరంగా సుమారు 25 కిలోమీటర్ల దూరాన పోతుంది. మన దేశపు విమానసర్వీసుకు పునాది పడిన ఆ దారి మన పొలాల మీదుగానే గీయదగినది.

నేడు సాధనాలు మారినవి. ఉపగ్రహాల సహాయంతో తామున్న చోటు కొద్ది మీటర్లలో తెలుస్తుంది. వాతావరణ సమాచారం అరచేతిలోనికి వస్తుంది. పెనుకొండకు తూర్పున పుట్టపర్తిలో 1990 నుండి రెండు వేల మీటర్లకు పైబడిన రన్‌వే ఉన్నది. విదేశంలో కొన్న చిన్న విమానాన్ని విడదీసి ఓడ మీద తెప్పించుకొనే పద్ధతి కూడ ఉన్నది. ఎగిరి రాదలచినవారికి మాత్రం నమోదు పత్రం, విమానం ఎగరడానికి యోగ్యమైనదన్న ధ్రువపత్రం, బీమా, ప్రయాణ ప్రణాళిక, గగనతల రక్షణ అనుమతి ఉండవలెను. కాని తొట్టి కొలత మారలేదు, ఎండ స్వభావం మారలేదు, పొగమంచు మారలేదు. నేటికిని చిన్న విమానాల ప్రమాదాలకు ఒక ముఖ్యకారణం, ఇల్లు దగ్గరపడినదన్న తొందరలో చెడు వాతావరణంలోనికి ముందుకే పోవడం. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఆగడం సులభం. చివరి మజిలీలో ఆగడం కష్టం. బళ్ళారిలో ఆగిన ఆ ఒక్క రాత్రి విలువ అక్కడనే ఉన్నది. తపాలా ఒక పూట ఆలస్యమైనది. విమానం, మనిషి, ఉత్తరాలు క్షేమంగా చేరినవి.

విద్యార్థులు ఈ లెక్క స్వయంగా చేసి చూడవలెనని కోరుతున్నాను. బళ్ళారి నుండి హిందూపురానికి నేరుగా సుమారు 160 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 140 కిలోమీటర్లు, ఎదురుగాలి 30 కిలోమీటర్లు. సూర్యాస్తమయానికి ఇంక గంటన్నర ఉన్నది. బయలుదేరవచ్చునా? గణితం ఎనభై ఏడు నిమిషాలని చెబుతుంది. అనగా మూడు నిమిషాల ముందుగా చేరవచ్చును. ఆ మూడు నిమిషాలను నమ్ముకొని బయలుదేరడమా, బళ్ళారిలో పడుకొని తెల్లవారి బయలుదేరడమా అన్నది గణితం చెప్పదు. దానిని చాలకుడు నేలమీద ఉండగానే నిర్ణయించుకొనవలెను.