బలసాధన శాస్త్రము – విశ్వవిద్యాలయ విద్య

“మా కుఱ్ఱవాడు ఎల్లప్పుడును ఆటలతోనే ప్రొద్దుపుచ్చుచున్నాడు, వీని బ్రతుకేమి కాగలదో!” అని తల్లిదండ్రులు చింతించుట సహజము. కాని ఆటలయందు మక్కువ గలవానికి ఆటగాడగుట యొక్కటియే మార్గము కాదు. ఆటగాని దేహమును శాస్త్రానుసారముగ తీర్చిదిద్దు వృత్తి యొకటి కలదు. దానిని ఆంగ్లమున ‘స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్’ అందురు. మనము బలసాధన శాస్త్రమనవచ్చును.

బలసాధన తెలుగువారికి క్రొత్తది కాదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు మల్లవిద్యచే దేశవిదేశములలో కీర్తి గడించిరి. శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము నందెను. అయితే నాడు గురుముఖమున నేర్చిన విద్య నేడు విశ్వవిద్యాలయ పాఠ్యమైనది.

ఈ మార్పు ఎట్లు కలిగెను? 1940 ప్రాంతములలో డిలోర్మ్ అను అమెరికా సైనిక వైద్యుడు, గాయపడి కండలు క్షీణించిన సైనికులచే బరువులెత్తించి, ఆ బరువును క్రమక్రమముగ పెంచి వారిని కోలుకొనజేసెను. 1969లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయము బాయిడ్ ఎప్లీ అను నాతనిని బలశిక్షకునిగ నియమించెను. ఆయన చొరవతో 1978లో ఈ వృత్తివారికి ఒక జాతీయ సంఘ మేర్పడెను.

ఈ శాస్త్రమునకు మూలసూత్రము క్రమాభివృద్ధి. ఇరువది కిలోలను పదిమార్లు సులభముగ నెత్తువానికి పిమ్మట కొంచెమే హెచ్చింపవలెను. ఒక్కసారి నలుబది మోపినచో గాయము కావచ్చును. కండ బలపడునది బరువెత్తు క్షణమున కాదు. పిదప లభించు విశ్రాంతి, ఆహారము, నిద్రలవలన. అందుచే ఎంత శ్రమ, ఎంత విరామము అని నిర్ణయించుటయే శిక్షకుని నేర్పు. నూరు మీటర్లు పరుగెత్తువానికి తగిన సాధన, దూరపు పరుగువానికి తగదు.

కనుకనే విద్యార్థి శరీరనిర్మాణ శాస్త్రము, శరీరధర్మ శాస్త్రము, పోషకాహార శాస్త్రము, మనస్తత్వ శాస్త్రము, గణాంక శాస్త్రము చదువవలెను. కీళ్లపై బలము లెట్లు పనిచేయునో తెలుపు జీవయాంత్రిక శాస్త్రమునకు భౌతికశాస్త్ర జ్ఞాన మావశ్యకము. కావున ఉన్నత పాఠశాలలోనే జీవ, భౌతిక శాస్త్రములను అలక్ష్యము చేయరాదు. మన పాఠశాలలో కండరము, సంధిబంధనము అను మాటలను తెలుగున అర్థముతో నేర్చినవానికి మజిల్, లిగమెంట్ అను పేరులు కష్టము కావు. మాతృభాషలో చదివినందున వెనుకబడుదుమని జంకనక్కరలేదు.

మనదేశమున 1957లో గ్వాలియరున స్థాపితమైన లక్ష్మీబాయి వ్యాయామ విద్యాసంస్థయు, శిక్షకులను తయారుచేయు పటియాలా జాతీయ క్రీడాసంస్థయు, 2004 నాటి చట్టముచే నేర్పడిన తమిళనాడు వ్యాయామవిద్యా క్రీడా విశ్వవిద్యాలయమును ప్రసిద్ధములు.

చేర్పించుటకు ముందు మూడు సంగతులు విచారింపుడు: పట్టమునకు ప్రభుత్వపు గుర్తింపు కలదా? ప్రయోగశాల కలదా? ఆటగాండ్రకు స్వయముగ శిక్షణనిచ్చు అవకాశము కలదా? కొలది వారముల యోగ్యతాపత్రము విశ్వవిద్యాలయ విద్యకు సమానము కాజాలదు.

ఉద్యోగములు విస్తారముగ నున్నవని చెప్పుట సత్యము కాదు. క్రీడాజట్టులు, శిక్షణాలయములు, పాఠశాలలు, వ్యాయామశాలలు ఆధారములు. తొలి వేతనము స్వల్పము కావచ్చును. కాని బిడ్డ యాసక్తిని ‘ఆటపిచ్చి’ యని త్రుంచివేయక, దానికి చదువు అను నూతనిచ్చి నిలబెట్టుట పెద్దల ధర్మము కాదా?