చతురస్రానికి లొంగని సినిమాస్కోప్

ఫిల్మ్‌నగర్‌లో ఏ ఎడిటింగ్ గదిలో చూసినా మానిటర్ కొలత దాదాపు 16:9 నిష్పత్తిలోనే ఉంటుంది. అలాంటి మానిటర్లను పక్కపక్కన, ఒకదానిపై ఒకటి పేర్చి చతురస్రం చేయాలంటే ఎన్ని కావాలి? చతురస్రం భుజం 16కూ 9కీ గుణిజం కావాలి. క.సా.గు. 144. కాబట్టి అడ్డంగా 9, నిలువుగా 16, మొత్తం 144 మానిటర్లు.

కొన్నింటిని నిలబెట్టి, కొన్నింటిని పడుకోబెడితే తక్కువలో తేలదా? 36×36 చతురస్రం చూడండి. వైశాల్యం 1296, సరిగ్గా తొమ్మిది మానిటర్లంత. ఆశ పుడుతుంది. కానీ 36 పొడవున్న అంచును 9లతో, 16లతో నింపడానికి ఒకటే దారి: నాలుగు 9లు. ఒక 16 వాడితే 20 మిగులుతుంది, రెండు వాడితే 4. ఏదీ 9తో తెగదు. ఇక మూలన ఉండే మానిటర్ రెండు అంచులనూ ఆనుకుని ఉంటుంది. అంటే అది అడ్డంగానూ 9, నిలువుగానూ 9 ఉండాలి. అలాంటి మానిటరే లేదు!

ఇలా తిప్పి పేర్చినా తక్కువలో తేలదని డచ్ గణితజ్ఞుడు డి బ్రౌన్ 1969లో అన్ని పూర్ణసంఖ్యల కొలతలకూ నిరూపించాడు. 1×2×4 ఇటుకలతో 6×6×6 పెట్టెను నింపలేక అవస్థపడిన ఏడేళ్ల కొడుకే ఆయనకు ఆ ఆలోచన తెప్పించాడు. పూర్ణసంఖ్యల కొలతలున్న ఒకే రకం పలకలతో దీర్ఘచతురస్రం నిండాలంటే, పలక పొడవు, వెడల్పు ఒక్కొక్కటీ ఏదో ఒక భుజాన్ని నిశ్శేషంగా భాగించాలి. చతురస్రానికి భుజాలన్నీ ఒకటే కదా, క.సా.గు. తప్పదు.

ఇప్పుడు సినిమా తెరకు వద్దాం. పాత టీవీ 4:3కి 12 చాలు. దానికన్నా బాగా వెడల్పైన తెర సినిమాస్కోప్‌ది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ (1974). ఆ వెడల్పు తెరకు నేటి రూపమైన డిజిటల్ స్కోప్ ఫ్రేము 2048×858 పిక్సెళ్లు. రెండింటికీ ఉమ్మడి కారణాంకం 2 ఒక్కటే, సూక్ష్మీకరిస్తే 1024:429. చతురస్రానికి కావలసిన ఫ్రేములు 4,39,296! ఎత్తుకు మరో ఆరు వరుసలు చేర్చి 864 చేస్తే నిష్పత్తి 64:27 అవుతుంది, లెక్క 1,728కి పడిపోతుంది. ఆ తేడాను ప్రేక్షకుడు పట్టలేడు. కంటికి ఆకారమే తెలుసు, క.సా.గు.కు కారణాంకాలే తెలుసు.

కారణాంకాలు అనుకూలిస్తే పేర్చడం సులువే. అన్నపూర్ణ స్టూడియోస్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజీలో ఉన్నవాటిలాంటి ఎల్‌ఈడీ గోడలను పలకలతోనే కడతారు. ఈ రంగంలో 500×500, 500×1000 మిల్లీమీటర్ల పలకలు మామూలు. రెండు రకాలూ కలిపి వాడినా ప్రతి 1000 మిల్లీమీటర్లకు వరుసలు కలుస్తాయి. ఎక్కడా ముక్క కోయనక్కర్లేదు.